ర్యాంకు చూసి ఇచ్చేదాన్ని ఎలక్టివ్ అనకండి

మన క్యాంటీన్‌లో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న మాట ఒకటుంది. "గుండె డాక్టరు అవ్వాలనుకునేవాడు కళ్ళు, చర్మం, ప్రసవాలు, మానసిక రోగాలు అన్నీ ఎందుకు చదవాలి బాస్? మనకున్నట్టు ఎంబీబీఎస్‌లో కూడా మొదటి నుంచే బ్రాంచీలు పెట్టేస్తే ఎంత టైం మిగిలేది!" వినడానికి బాగానే ఉంటుంది. మనవాళ్ళకి ఏ సమస్యకైనా ఒక కొత్త బ్రాంచి తెరిచేయడమే పరిష్కారంలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఈ మాట మింగుడు పడదు. వైద్యవిద్యలో ఎంపిక ఉండాలి. ఇప్పుడున్నదాని కంటే చాలా ఎక్కువే ఉండాలి. కానీ మన బ్రాంచీల్లాగా మాత్రం వద్దు. ఎందుకంటే మనకున్నది ఎంపిక కాదు, ర్యాంకు.

గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, మనలో ఎంతమంది ఇష్టపడి బ్రాంచి తీసుకున్నాం? వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ముందు సీఎస్‌ఈ, ఆ తర్వాత సీఎస్‌ఈకే ఏఐ అనో డేటా సైన్స్ అనో తోక తగిలించినవి, తర్వాత ఈసీఈ, అన్నిటికంటే కింద సివిల్, మెకానికల్. ఈ వరస ఎవరు నేర్పారో తెలీదు గానీ ఊరూవాడా అదే వరస. ర్యాంకు ఎక్కడ ఆగితే మన ఇష్టం కూడా అక్కడే ఆగిపోతుంది. పోనీలే అనుకుంటే మూడో ఏడాదిలో ఓపెన్ ఎలక్టివ్ అని ఇంకో ముచ్చట. రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో గూగుల్ ఫామ్ పడుతుంది. తొమ్మిదీ అయిదుకల్లా మంచివన్నీ నిండిపోతాయి. హాస్టల్ వైఫై దయవల్ల వెనకబడ్డవాళ్ళంతా డిజాస్టర్ మేనేజ్‌మెంట్‌లో తేలతారు. అది చెడ్డ సబ్జెక్టేం కాదు, మనకి దొరికిన తీరే డిజాస్టర్. ఇంత సొగసైన పద్ధతిని ఇప్పుడు డాక్టర్ల చదువుకి ఎగుమతి చేద్దామంటున్నారు.

ఎంబీబీఎస్‌లో ఇప్పుడు అసలు ఎంపికే లేదా అంటే, ఉంది. 2019లో చేరిన బ్యాచ్‌తో మొదలుపెట్టి దేశమంతా కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. ఎలక్టివ్ అన్నది అందులో భాగమైంది. ఫైనలియర్ పార్ట్ వన్ పరీక్షలయ్యాక రెండు నెలలు. మొదటి నాలుగు వారాలు అనాటమీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ లాంటి ఏదో ఒక విభాగంలో, లేదంటే నడుస్తున్న ఒక పరిశోధనలో. తర్వాతి నాలుగు వారాలు రోగుల దగ్గర. అది ఐసీయూ కావచ్చు, క్యాజువాల్టీ కావచ్చు, బ్లడ్ బ్యాంకు కావచ్చు, పల్లెలోనో బస్తీలోనో ఉండే క్లినిక్ కూడా కావచ్చు. హాజరు 75 శాతం ఉండాలి, లాగ్‌బుక్ ఇవ్వాలి, లేకపోతే ఫైనల్ పరీక్షకి కూర్చోనివ్వరు. రాసినవాళ్ళు బుద్ధిగానే రాశారు. ముఖ్యంగా ఆ పల్లె క్లినిక్ మాట నాకు చాలా నచ్చింది. అయితే ఏ ఎలక్టివ్‌లు ఉండాలో, ఎన్ని ఉండాలో నిర్ణయించేది కాలేజీయే. తర్వాతి సవరణల్లో ఆ రెండు నెలలు కాస్తా నెలయ్యాయి, పదిహేను రోజుల ముక్కలు రెండు. ఇంటర్న్‌షిప్ కాకుండా ఎంబీబీఎస్ 54 నెలలు. అందులో విద్యార్థి తనకోసం తను ఎంచుకోగలిగింది ఒక్క నెల.

ఆ నెల కూడా ఎలా గడుస్తుందో మా అక్క చెబితే తెలిసింది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు, ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఫైనలియర్. వాళ్ళది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. కొబ్బరి తోటలు, జీడి తోటలు, అటు సముద్రం. చూసినవాళ్ళు కోనసీమకి చెల్లెలు అంటారు. ఆ పచ్చదనంలోనే వీధికో కిడ్నీ జబ్బు మనిషి. అక్క వాళ్ళ చిన్నాన్న వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొస్తాడు. ఆయన కోసమే అక్క మెడిసిన్‌లో చేరిందని ఇంట్లో పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. "నీట్‌లో ర్యాంకొచ్చింది, చేరాను" అని తను కొట్టిపారేస్తుంది. కానీ ఎలక్టివ్ అనగానే నెఫ్రాలజీ అడిగింది. కాలేజీ లిస్టులో నెఫ్రాలజీ లేదు. పోనీ మా ఊరి వైపు పంపండి, పీహెచ్‌సీలో కూర్చుని కిడ్నీ రోగుల్ని చూస్తాను అంది. బయటికి పంపడం కుదరదన్నారు. ఉన్న నాలుగైదు విభాగాలనే రోల్ నంబర్ల వారీగా పంచితే తనకి బ్లడ్ బ్యాంకు వచ్చింది.

"ఏట్రా, ఎలక్టివ్ అంటే మేం ఎన్నుకునేదనుకున్నావా? అది మమ్మల్ని ఎన్నుకుంటాది" అంది నవ్వుతూ.

బ్లడ్ బ్యాంకులో నేర్చుకోవడానికి ఏమీ లేదని కాదు. క్రాస్ మ్యాచింగ్ తన చేతులతో చేసిందట, అది సంబరంగానే చెప్పింది. కానీ బ్యాచ్‌లో సగం మంది పొద్దున సంతకం పెట్టి నేరుగా లైబ్రరీకి వెళ్ళిపోయేవారట. సీనియర్ల లాగ్‌బుక్ ఒకటి వాట్సాప్‌లో తిరిగింది, పేరు మార్చి అందరూ అదే రాశారు. ఎందుకలా అని అడిగితే జవాబు రెండే ముక్కలు. నీట్ పీజీ.

ఇక్కడ వాళ్ళని బద్ధకస్తులు అనేయడం తేలిక, అన్యాయం కూడా. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి. పీజీ సీట్లు అన్నీ కలిపినా అన్ని లేవు, అందులో అందరూ కోరుకునేవి ఇంకా తక్కువ. 19 సబ్జెక్టుల్లోంచి 200 ప్రశ్నలు, తప్పు రాస్తే మార్కులు కోత. ఆ 200 ప్రశ్నల్లో "ఉద్దానంలో నువ్వు నాలుగు వారాలు ఏం చూశావు" అన్న ప్రశ్న ఉండదు. అలాంటప్పుడు పీహెచ్‌సీలో గడిపిన రోజు విద్యార్థి లెక్కలో పోయిన రోజే అవుతుంది. మనం గేట్ రాసేటప్పుడు ల్యాబులు ఎలా చేస్తామో గుర్తు తెచ్చుకుంటే వాళ్ళమీద ఒక్క రాయి కూడా వెయ్యలేం.

సరే, నెల చాలదు కాబట్టి పూర్తి స్థాయి ట్రాక్‌లు పెడదాం, రెండో ఏడాది నుంచే సర్జరీ ట్రాక్, మెడిసిన్ ట్రాక్, రేడియాలజీ ట్రాక్, కమ్యూనిటీ మెడిసిన్ ట్రాక్ అని విడగొడదాం అనుకుందాం. ఎవరికి ఏది ఇస్తారు? మన దేశంలో ఈ ప్రశ్నకి ఒకే ఒక్క జవాబు ఉంది, మెరిట్ లిస్టు. అది ఏం చేస్తుందో పీజీ కౌన్సెలింగ్‌లో ఏటా చూస్తూనే ఉన్నాం. రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్ ముందే ఎగిరిపోతాయి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ సీట్లు అడిగేవాళ్ళు లేక మిగిలిపోతాయి. సీట్లు నింపడం కోసం 2023 సెప్టెంబరులో నీట్ పీజీ అర్హతని సున్నా పర్సంటైల్‌కి దించారు. అంటే పరీక్ష రాసిన ప్రతివాడూ అర్హుడే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి బయోకెమిస్ట్రీలోకి వెళ్ళినవాడు. ఈ రోజుల్లో అదే పని చేస్తానంటే "పాపం, ర్యాంకు రాలేదా నాన్నా?" అని అడుగుతారు చుట్టాలు. ట్రాక్‌లు వస్తే ఈ జాలి చూపులు ఇరవై మూడేళ్ళకి కాకుండా పందొమ్మిదేళ్ళకే మొదలవుతాయి. అంతే తేడా.

ఇంకో సంగతి. బ్రాంచీలు కావాలనేవాళ్ళు రోగిని మరిచిపోతున్నారు. రోగి బ్రాంచీ ప్రకారం రాడు. రాత్రి పదకొండింటికి పీహెచ్‌సీకి ఆటోలో వచ్చేది పాము కరిచిన రైతు కావచ్చు, ఫిట్స్ వచ్చిన గర్భిణి కావచ్చు, పురుగుల మందు తాగిన కుర్రాడు కావచ్చు. ఆ గర్భిణికి బీపీ చూడాలి, మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇవ్వాలి, పెద్దాసుపత్రికి పంపేటప్పుడు దారిలో ఏం జరగొచ్చో ముందే ఊహించాలి. ఆ కుర్రాడికి విషానికి వైద్యం చేయడం ఒక్కటే కాదు, బతికి బట్టకట్టాక అతనితో ఎలా మాట్లాడాలో కూడా తెలియాలి, అది సైకియాట్రీ. అక్కడ ఉండేది ఒక్క డాక్టరు. "నాది సర్జరీ ట్రాక్" అని చెప్పి పక్కకి తప్పుకోవడానికి పక్కన ఇంకెవరూ ఉండరు. స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, భోర్ కమిటీ ఈ లెక్కంతా చూసింది. ఈ దేశానికి ముందు కావాల్సింది అన్నీ కొంత తెలిసిన ప్రాథమిక వైద్యుడు అని, అతనికి రోగం రాకుండా చూసే వైద్యంలో మూడు నెలల శిక్షణ ఉండాలని రాసింది. ఎనభై ఏళ్ళయింది. ఊళ్ళు మారాయి గానీ రాత్రి పదకొండింటి ఆటో మారలేదు.

ట్రాక్‌ల సంగతి వచ్చినప్పుడల్లా మనవాళ్ళు అమెరికాని చూపిస్తారు. చూపించాల్సిందే, కానీ మొత్తం చూపించాలి. అక్కడ మెడికల్ కాలేజీలో చేరేసరికే నాలుగేళ్ళ డిగ్రీ అయిపోయి ఉంటుంది. చేరేవాడికి ఇరవై రెండేళ్ళు తక్కువ కాకుండా ఉంటాయి. మన దగ్గర పదిహేడు, పద్దెనిమిది. డ్యూక్ యూనివర్సిటీలో బేసిక్ సైన్సులు ఒక ఏడాదికి కుదించి, మూడో ఏడాదిని పరిశోధనకి వదిలేస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో మామూలు చదువుతో పాటు విద్యార్థి ఏదో ఒక అంశాన్ని పట్టుకుని లోతుగా పనిచేసే పద్ధతి ఉంది. ఇలినాయ్ యూనివర్సిటీలో కార్ల్ ఇలినాయ్ అని ఇంజినీరింగ్ పునాదిగా ఒక మెడికల్ కాలేజీనే కట్టి 2018లో మొదటి బ్యాచ్‌ని చేర్చుకున్నారు. వినగానే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి, సహజం. గమనించాల్సింది ఏంటంటే, వీటిల్లో ఎక్కడా గుండె ట్రాక్ వాడు ప్రసవాల వార్డు ఎగ్గొట్టలేడు. అందరూ అన్ని వార్డులూ తిరగాల్సిందే. ట్రాక్ అన్నది మీద చేరేదే తప్ప కింద తీసేసేది కాదు.

పోనీ అక్కడైనా ఎలక్టివ్‌లు స్వచ్ఛంగా ఉన్నాయా అంటే, అదీ లేదు. చివరి ఏడాది విద్యార్థులు తాము చేరాలనుకున్న ఆసుపత్రికే వెళ్ళి నెల రోజులు ఎలక్టివ్ చేస్తారు, రెసిడెన్సీకి ముందు ఒక రకం ఆడిషన్ అన్నమాట. మన తెలుగు పిల్లలు కూడా కొందరు ఫైనలియర్‌లోనో ఇంటర్న్‌షిప్‌లోనో లక్షలు ఖర్చు పెట్టుకుని అమెరికా వెళ్ళి ఎలక్టివ్ చేసొస్తారు. రికమండేషన్ లెటర్ల కోసం. తప్పని నేననను. కానీ అది డబ్బున్న ఇంటి ఎలక్టివ్. ఇక్కడ ర్యాంకు, అక్కడ డబ్బు. ఏది చూసినా విద్యార్థి కుతూహలం మాత్రం లైన్లో చివరే నిలబడి ఉంది.

మరి నాకేం కావాలి? మన దగ్గరే ఒక మంచి నమూనా ఉంది, మనం దాన్ని పెద్దగా పట్టించుకోం గానీ. బీటెక్‌కి 160 క్రెడిట్లు. ఇష్టమున్నవాళ్ళు ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే వేరే శాఖలో మైనర్ ఇస్తారు. మెకానికల్ వాడు మెకానికల్ మొత్తం చదివే, పైన ఇంకోటి నేర్చుకుంటాడు. ఎంబీబీఎస్‌కి కావాల్సింది ఇదే. అసలు చదువులో ఒక్క వార్డు కూడా తగ్గించకుండా, రెండో ఏడాది నుంచి వారానికో మధ్యాహ్నం, సెలవుల్లో ఒక రెండు వారాలు, చివర్లో ఆ ఎలక్టివ్ నెల మొత్తం, అన్నీ కలిపి ఒకే అంశం మీద. పదిహేను రోజుల్లో సంతకం తప్ప ఏమీ మిగలదు. మూడేళ్ళు ఒకే ఊరికి వెళ్తే ఆ ఊరు మనిషికి పడుతుంది. వార్ధా దగ్గర సేవాగ్రామ్ మెడికల్ కాలేజీ విద్యార్థుల్ని పల్లెల్లో ఉంచి చదివించడం ఎప్పటి నుంచో చేస్తోంది. వెల్లూరు సీఎంసీ కూడా. గాల్లోంచి తెచ్చిన ఆలోచనేం కాదు.

అంశాలకి కరువు లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. నీళ్ళా, ఎండలో పనా, మందులా, వంశమా, అన్నీ కలిసా? పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మన కోస్తా కాలేజీల నుంచి ఏటా నలుగురు విద్యార్థులు అక్కడికి వెళ్ళి, అదే ఊళ్ళు తిరుగుతూ, అవే ఇళ్ళల్లో బీపీ, క్రియాటినిన్ రాసుకుంటూ మూడేళ్ళుంటే? ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. నల్గొండ నడుములు వంగిన మనుషుల ఫొటోలు మనందరం చూశాం. ఏజెన్సీలో సికిల్ సెల్ ఉంది. ఇవి పాఠ్యపుస్తకంలో ఒక పేరా. ఇక్కడి విద్యార్థికి బస్సెక్కితే చేరే ఊళ్ళు.

కేటాయింపు ఎలా అంటారా? చీటీలు తీయండి. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నా. ఒక అంశాన్ని పదిమంది అడిగి అయిదే చోట్లుంటే, ఎందుకు కావాలో అరపేజీ రాయమనండి, రాసినవాళ్ళలో లాటరీ వేయండి. మార్కులు మాత్రం అడగొద్దు. మార్కులు అడిగిన మరుక్షణం అంశాలకి కూడా సీఎస్‌ఈ, సివిల్ వరస వచ్చేస్తుంది.

దీని మీద మా అక్కే అడ్డు తగిలింది. "పీజీకి పనికిరానిది ఎవరు చేస్తారురా?" అని. పీజీలో దీనికి మార్కులు కలపొచ్చు కదా అంటే ఆ వెంటనే ఎలక్టివ్ కోచింగ్ సెంటర్ అమీర్‌పేటలో వెలుస్తుంది, నాకు అనుమానం లేదు. కలపకపోతే సగం మంది చేయరు. నా జవాబు ఏంటంటే, చేయకపోనీ. మైనర్ కూడా మన క్లాసులో అందరూ చేయట్లేదు. ఇష్టం లేని తొంభై మందితో సంతకాలు పెట్టించే బదులు ఇష్టమున్న పదిమందికి దారి ఇవ్వడం నయం. ఇప్పుడు అక్కలాంటి వాళ్ళు అడిగినా దారి లేదు, నా గొడవంతా అదే. ఇంకా ఉన్నాయి అడ్డంకులు. పల్లెలో అమ్మాయిలకి ఉండటానికి సురక్షితమైన గది కావాలి, రానుపోను ఖర్చులు కావాలి, పీహెచ్‌సీ డాక్టరుకి ఉన్న పనికి తోడు ఈ పిల్లల్ని చూసుకునే పని పడుతుంది. ఆయనకి దానికి ఏదో ఒక గౌరవభృతి ఇవ్వకుండా మొహమాటంతో నడిపిస్తే రెండో ఏడాదికే ఆగిపోతుంది. ఇవన్నీ డబ్బుతో తీరే సమస్యలు. కొత్త కాలేజీల భవనాలకి అయ్యేదాంట్లో ఇది ఏ మూలకి?

ఇందులో మన వాటా కూడా ఉంది, అందుకే ఈ వ్యాసం మన పత్రికకి రాస్తున్నా. ఒక డయాలసిస్ మిషన్ నిమిషానికి అరలీటరు ద్రవం నడిపిస్తుంది, నాలుగు గంటలకి 120 లీటర్లు. అంటే మనిషి వారానికి పది, పదిహేను లీటర్ల నీళ్ళు తాగితే, డయాలసిస్ రోగి రక్తం పల్చటి పొరకి అటువైపు వారానికి 240 లీటర్లని తాకుతుంది. ఆ నీటిలో ఏముందో చూడాల్సింది ఎవరు? డాక్టరుకి ఆర్వో ప్లాంటు తెలీదు, మనకి కిడ్నీ తెలీదు. ఫ్లోరైడ్‌ని పటిక, సున్నంతో తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు. నాగపూర్‌లోని నీరి ఇంజినీర్లు తయారుచేసిందే అది. మనకి ఎన్విరాన్‌మెంటల్ పేపర్లో రెండు మార్కుల ప్రశ్న. వైద్య విద్యార్థి ఒకడు, మనవాడు ఒకడు కలిసి చేయగలిగే ఎలక్టివ్ ఎందుకు ఉండకూడదు?

మన కాలేజీకీ ఏరియా ఆసుపత్రికీ రక్తదాన శిబిరాల పరిచయం ఇప్పటికే ఉంది. అక్కడ డయాలసిస్ యూనిట్ ఉంది, ఆర్వో ప్లాంటు ఉంది. వచ్చే సెమిస్టర్ ఓపెన్ ఎలక్టివ్‌ల లిస్టు ఇంకా ఖరారు కాలేదు. అందులో ఇదొకటి చేర్చమని అడుగుతూ ఒక లెటర్ రాసి క్లబ్ రూంలో పెట్టాను, సంతకాలు ఇప్పటికి పదకొండు. సాయంత్రం అయిదు తర్వాత ఎవరైనా రావచ్చు. మెకానికల్ వాళ్ళు తప్పకుండా రండి, పంపుల సంగతి మీకే తెలుసు.